చెస్టర్ బౌల్స్ ఎవరు, అమెరికా ఆయన్ని రెండుసార్లు ఢిల్లీకి ఎందుకు పంపింది?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మా తాతగారు పశ్చిమ గోదావరిలో సమితి ఆఫీసు కింద గ్రామసేవకుడిగా చేశారు. ఆయన పోయి చాలా కాలమైంది. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీంచి ఆయన ట్రంకుపెట్టె దింపితే ఎరువుల కరపత్రాలు, వరి రకాల చార్టులు, వాటి అడుగున అమెరికా వాళ్లు అప్పట్లో పంచిన పాత పత్రిక ఒకటి దొరికాయి. పత్రికని సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో ఒక ఫొటో ఉంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్న పొడుగాటి తెల్లాయన ఒకరు పొలం గట్టు మీద రైతుల మధ్య నిలబడి ఏదో వింటున్నాడు. కింద "అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్" అని ఉంది. ఊరి పేరు ఉన్న మూల పోయింది. ఫొటో పక్కన తాతగారు పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నారు.

ఢిల్లీలో అమెరికా రాయబారులుగా చేసినవాళ్లలో గాల్‌బ్రెయిత్ పేరు విన్నాను, మొయినిహన్ పేరు విన్నాను, ఈయన పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు. కొంచెం వెతికితే 1951లో ఒకసారి, 1963లో ఇంకోసారి ఢిల్లీకి రాయబారిగా వచ్చాడని తెలిసింది. ఒకే మనిషిని అదే ఊరికి పదేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు పంపుతారు? మధ్యలో ఏం చేశాడు? అసలు మనకి ఏమైనా మేలు చేశాడా, లేక అదంతా రష్యాతో పోటీలో ఒక భాగమేనా? తెలిసినవాళ్లు చెప్పండి, పెద్దగా రాసినా చదువుతాను.

పాత_కాగితం:

మంచి మనిషి గురించి అడిగారు. నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి నిజంగానే పెద్దగా రాస్తున్నాను.

ముందు ఒకటి చెప్పాలి, ఈయన విదేశాంగ శాఖలో పరీక్ష రాసి మెట్టుమెట్టూ ఎక్కి వచ్చిన రాయబారి కాదు. 1901లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టాడు, యేల్‌లో చదివాడు, 1929లో విలియం బెంటన్ అనే స్నేహితుడితో కలిసి న్యూయార్క్‌లో ప్రకటనల కంపెనీ పెట్టాడు. పెట్టిన కొద్ది నెలలకే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఊళ్లో సగం వ్యాపారాలు మూతపడుతుంటే వీళ్లు మాత్రం రేడియో ప్రకటనలతో పైకొచ్చారు. జనం ఏం కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు అని ఇంటింటికీ తిరిగి అడిగి తెలుసుకోవడం ఆయన పద్ధతి. ఈ అలవాటు తర్వాత ఢిల్లీలో కూడా పోలేదు, అందుకే చెబుతున్నాను.

నలభై ఏళ్లొచ్చేసరికి బాగా సంపాదించి, కంపెనీ వదిలేసి ప్రభుత్వంలోకి వచ్చాడు. యుద్ధకాలంలో అమెరికాలో కూడా పంచదారకీ పెట్రోలుకీ టైర్లకీ రేషన్ ఉండేది. ఆ ధరల నియంత్రణ ఆఫీసుకి 1943 నుంచి 1946 దాకా ఆయనే పెద్ద. 1948లో కనెక్టికట్ గవర్నరుగా గెలిచాడు, 1950లో ఓడిపోయాడు. ఓడిపోయాక అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ రాయబారి పదవి ఇస్తానంటే, భారతదేశమే కావాలని అడిగి మరీ తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఢిల్లీ పోస్టింగ్ ఎవరూ కోరుకునేది కాదు. ట్రూమన్‌కే ఆశ్చర్యమేసిందని బౌల్స్ తర్వాత రాసుకున్నాడు. సెనేట్‌లో రిపబ్లికన్లు చాలామంది వ్యతిరేకంగా ఓటేశారు, అయినా గట్టెక్కి 1951 అక్టోబరులో ఢిల్లీలో దిగాడు.

భార్య, ముగ్గురు పిల్లలు వెంట వచ్చారు. పిల్లల్ని విదేశీయుల బడిలో కాకుండా ఢిల్లీ పబ్లిక్ స్కూల్లో వేశాడు. అప్పట్లో ఆ బడి డేరాల్లో నడిచేది. అమెరికా రాయబారి పిల్లలు సైకిలెక్కి వెళ్లి డేరాలో మన పిల్లల పక్కన కూర్చోవడం అప్పటి ఢిల్లీకి కొత్త. పెద్దమ్మాయి సింథియా ఆ తర్వాత శాంతినికేతన్‌లో కూడా చదివింది, ఆ రోజుల గురించి తర్వాత పుస్తకం రాసింది.

ఇక పని సంగతి. 1952 జనవరి 5న నెహ్రూ, బౌల్స్ కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, 5 కోట్ల డాలర్ల సాంకేతిక సాయానికి. ఆ డబ్బులో పెద్ద వాటా గ్రామాభివృద్ధికి వెళ్లింది. ఉత్తరప్రదేశ్‌లో ఇటావా దగ్గర ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఇంజనీరు కొన్ని ఊళ్లలో చేసిన ప్రయోగం బౌల్స్ వెళ్లి చూశాడు. ఒక మనిషి నాలుగైదు ఊళ్లు పట్టుకుని విత్తనం, ఎరువు, పశువుల టీకాలు, మరుగుదొడ్డి, బడి అన్నీ తనే చూసుకుంటూ రైతుతో పాటు బురదలో దిగడం, అదీ పద్ధతి. ఇది దేశమంతా ఎందుకు చేయకూడదని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకడు. 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, 55 చోట్ల సామాజిక వికాస పథకాలు మొదలయ్యాయి. బ్లాకులు, బి.డి.ఓ.లు, గ్రామసేవకులు అన్నీ అక్కణ్నుంచి పెరిగినవే. 1959లో మన దగ్గర పంచాయతీ సమితులు వచ్చింది కూడా ఆ పునాది మీదే. గోదారి_గట్టు గారూ, మీ తాతగారి ఉద్యోగం మొదలు వెతికితే మీకు ఈయన పేరు తగులుతుంది.

గోదారి_గట్టు:

అయ్యబాబోయ్, ఇది నేను అనుకోలేదు. తాతగారి ఉద్యోగానికీ ఫొటోలో మనిషికీ సంబంధం ఉంటుందని కల్లో కూడా అనుకోలేదండి. మరి అంత బాగా చేస్తున్నవాణ్ని 1953లో ఎందుకు వెనక్కి పిలిచారు?

పాత_కాగితం:

ప్రభుత్వం మారింది కాబట్టి. 1952 నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ గెలిచాడు. బౌల్స్ ఉంటానన్నాడు, కొత్త విదేశాంగ మంత్రి డల్లెస్ వద్దన్నాడు. 1953 మార్చిలో వెళ్లిపోయాడు.

కానీ వెళ్లే ముందు చేసిన పని ఒకటి ఉంది. మొదటి సార్వత్రిక ఎన్నికల ఫలితాలు ఆయన వచ్చిన కొద్ది నెలల్లోనే వచ్చాయి. మద్రాసులో, మన తెలంగాణలో కమ్యూనిస్టులు గట్టిగా గెలిచారు, నల్గొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. బౌల్స్ ఆ ఫలితాలు పట్టుకుని వాషింగ్టన్‌కి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, ఆకలి ఉన్నచోట ఉపన్యాసాలు పనిచేయవు, ఇప్పుడిచ్చే సాయం ఏ మూలకీ చాలదు అని. వాళ్లు ఇచ్చింది కొంచెమే. దానికంటే ముఖ్యంగా పాకిస్తాన్‌కి ఆయుధాలివ్వొద్దని మొత్తుకున్నాడు. ఆ ఆయుధాలు రష్యా మీదికి వెళ్లవు, భారతదేశం వైపే తిరుగుతాయి, ఢిల్లీ మాస్కో వైపు జరుగుతుంది అని. 1954లో ఇచ్చారు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ దగ్గరున్న అమెరికా ప్యాటన్ ట్యాంకులు ఎటు వచ్చాయో మనకి తెలుసు.

చరిత్ర_పిచ్చి:

మధ్యలో పదేళ్ల సంగతి నేను చెబుతాను, అసలు బాధంతా అక్కడే ఉంది.

1960 అధ్యక్ష ఎన్నికల్లో జాన్ కెనెడీకి ముందుగా మద్దతిచ్చిన పేరున్న ఉదారవాదుల్లో బౌల్స్ ఒకడు. విదేశాంగ విధానంలో సలహాదారుగా ఉన్నాడు, పార్టీ మేనిఫెస్టో కమిటీకి అధ్యక్షుడుగా చేశాడు. గెలిచాక విదేశాంగ శాఖలో మంత్రి డీన్ రస్క్ తర్వాత రెండో స్థానం ఇచ్చారు. కాంగోకో బర్మాకో ఆ దేశం గురించి చదివినవాణ్ని, ఆ జనంతో కలిసేవాణ్ని రాయబారిగా పంపాలి కానీ పార్టీకి చందా ఇచ్చినవాణ్ని కాదు అని పట్టుబట్టి చాలా నియామకాలు మార్పించాడు. ఎంతమంది పాతకాపులకి కోపం తెప్పించాడో ఊహించుకోవచ్చు.

తర్వాత క్యూబా వచ్చింది. రస్క్ ఊళ్లో లేనప్పుడు ఆయన స్థానంలో ఒక సమావేశానికి వెళ్తే, క్యూబా అధినేత కాస్ట్రో మీదికి ప్రవాస క్యూబన్లని పంపే పథకం సంగతి అక్కడ తెలిసింది. 1961 మార్చి 31న రస్క్‌కి ఒక నోట్ రాసిచ్చాడు. ఇది తప్పు, మనం సంతకం పెట్టిన ఒప్పందాలకి విరుద్ధం, పైగా గెలిచే అవకాశం కూడా తక్కువ అని. ఏప్రిల్ 17న క్యూబా తీరంలో బే ఆఫ్ పిగ్స్ దగ్గర ఆ దాడి జరిగింది, మూడు రోజుల్లో అంతా తుడిచిపెట్టుకుపోయింది. బౌల్స్ ముందే వద్దన్నాడని పత్రికల్లో వచ్చింది. తప్పు చేసినవాళ్లకి కోపం ఎవరి మీద వస్తుంది? వద్దని చెప్పినవాడి మీదే. అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ బౌల్స్ ఛాతీ మీద వేలు పెట్టి పొడుస్తూ మాట్లాడాడని చెబుతారు. అదే ఏడాది నవంబరు చివర్లో థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో పదవిలోంచి తీసేశారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలకి అధ్యక్షుడి ప్రత్యేక ప్రతినిధి అని ఒక పేరిచ్చారు, చేతిలో అధికారం ఏమీ పెట్టలేదు. ఆ పదవిలోనే ఆగ్నేయాసియా మొత్తాన్ని తటస్థ ప్రాంతంగా ఉంచుదామని వాదించాడు, వియత్నాంలోకి దిగితే బయటికి రాలేమని. అదీ ఎవరూ వినలేదు.

1963లో గాల్‌బ్రెయిత్ హార్వర్డ్‌కి తిరిగి వెళ్లిపోతుంటే ఢిల్లీ ఖాళీ అయింది. మీ ప్రశ్నకి నా సమాధానం ఇది. వాషింగ్టన్‌కి ఆయన దూరంగా ఉండాలి, ఆయనకి ఢిల్లీ అంటే ప్రాణం. ఇద్దరికీ సరిపోయింది. ఇలా అంటే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదు. అవమానం మింగి, ఇంటికెళ్లి కూర్చోకుండా, అరవై రెండేళ్ల వయసులో మళ్లీ ఆ ఎండల్లోకి వచ్చి ఆరేళ్లు పనిచేశాడు. ఆ ఆరేళ్లలో పార్కిన్సన్స్ జబ్బు కూడా మొదలైంది.

నల్లమల_దారి:

పైన రాసినవన్నీ నిజమే, కానీ మరీ దేవుణ్ని చేస్తున్నారు. గోదారి_గట్టు గారు అడిగిన మూడో ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పాలి కదా. అవును, అది రష్యాతో, చైనాతో పోటీయే. బౌల్స్ ఎక్కడా దాచలేదు. చైనా ఒక దారిలో, భారతదేశం ఇంకో దారిలో వెళ్తున్నాయి, ఎన్నికలు పెట్టుకుని కూడా కడుపు నింపుకోవచ్చని భారతదేశం చూపిస్తేనే ఆసియా మనవైపు ఉంటుంది అన్నదే ఆయన జీవితమంతా చెప్పిన మాట. ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది.

రెండోది, పాకిస్తాన్‌కి ఆయుధాలు వద్దన్న మనిషే 1963 తర్వాత మనకి ఆయుధాలివ్వాలని తిరిగాడు. చైనా యుద్ధం అయింది, ఇప్పుడు మనం ఇవ్వకపోతే రష్యా ఇస్తుంది అన్నాడు. ఆ విషయం మాట్లాడటానికి నవంబరు చివర్లో కెనెడీతో సమావేశం పెట్టుకుంటే, 22న కెనెడీని చంపేశారు. మళ్లీ మొదటి నుంచి కొత్త అధ్యక్షుడు జాన్సన్‌తో మొదలుపెట్టాడు. 1964 మేలో మన రక్షణమంత్రి చవాన్ ఒప్పందం కోసం అమెరికాలో ఉండగా, 27న నెహ్రూ పోయారు, చవాన్ తిరిగొచ్చేశారు. ఆ తర్వాత అమెరికా యుద్ధవిమానాలు ఇవ్వలేదు, మనం మాస్కో వెళ్లి మిగ్‌లు తెచ్చుకున్నాం. బొకారో ఉక్కు సంగతీ అంతే. అమెరికా కట్టిస్తుందని ఆశపడ్డాం, వాళ్ల కాంగ్రెస్ అడ్డుపడింది, చివరికి రష్యా కట్టింది.

మూడోది గోధుమలు. 1965, 66 రెండేళ్లూ వానలు లేవు, బీహారులో జనం అల్లాడిపోయారు. 1966లో బయటి నుంచి కోటి టన్నులకి పైగా తిండిగింజలు తెచ్చుకున్నాం, అందులో ఎక్కువ భాగం పి.ఎల్. 480 అనే అమెరికా తిండిగింజల సాయం చట్టం కింద అమెరికా నుంచే. జాన్సన్ ఒక్కో ఓడకీ తనే అనుమతివ్వాలని కూర్చున్నాడు. వ్యవసాయం బాగుచేసుకోండి అని ఒక షరతు, వియత్నాం మీద మమ్మల్ని తిట్టకండి అని పైకి చెప్పని ఇంకో షరతు. ఇక్కడ రేవులో ఓడ దిగితేనే రేషన్ షాపులో గోధుమ. ఢిల్లీలో కూర్చున్న బౌల్స్ కేబుళ్ల మీద కేబుళ్లు, అంటే తంతి సందేశాలు, పంపాడు, ఆకలితో ఉన్నవాళ్లని ఇలా ఆడించొద్దని. కానీ రాయబారి మాట వాళ్ల అధ్యక్షుడే విననప్పుడు ఇక్కడ మనకి ఒరిగేదేముంది? పొడుగాటి కేబుళ్లు రాస్తాడని, ఎప్పుడూ ఇండియా పాటే పాడతాడని వాషింగ్టన్లో చదవడం కూడా మానేశారు. నా దృష్టిలో రెండోసారి ఆయన విఫలమయ్యాడు. మంచి మనిషి కావడం వేరు, పని జరిపించడం వేరు.

పాత_కాగితం:

నల్లమల_దారి గారూ, ఓడల విషయంలో మీతో వాదించను, అది నిజంగా అవమానమే, మా అమ్మ ఇప్పటికీ ఆ ఎర్ర గోధుమల రేషన్ గురించి చెబుతుంది. కానీ "విఫలం" అన్న మాట దగ్గర ఆగాలి. ఆ ఆరేళ్లలో ఎరువుల ఫ్యాక్టరీలు, మేలు రకం విత్తనాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అన్నవాటి మీద ఆయన ఆఫీసు పనిచేసింది. రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో పెట్టినప్పుడు అమెరికా సాయంతో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు వచ్చి పనిచేశారు. పశ్చిమ గోదావరి అయితే అంతకుముందే ఫోర్డ్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ సాయంతో నడిచిన, రైతుకి విత్తనం, ఎరువు, అప్పు, సలహా కలిపి ఇచ్చే ప్యాకేజీ పథకంలో దేశంలో మొదటి ఏడు జిల్లాల్లో ఒకటి. గోదారి_గట్టు గారి తాతగారి పెట్టెలో ఎరువుల కరపత్రాలు ఊరికే లేవు.

చరిత్ర_పిచ్చి:

"పని జరిపించడం" అన్నారు కాబట్టి 1967 మార్చి 6 రాత్రి సంగతి చెప్పాలి.

స్టాలిన్ కూతురు స్వెత్లానా, తన భారతీయ సహచరుడు బ్రజేశ్ సింగ్ చనిపోతే ఆయన చితాభస్మం గంగలో కలపడానికి మన దేశం వచ్చింది. కాలాకాంకర్‌లో వాళ్ల కుటుంబంతో ఉండి ఢిల్లీకి తిరిగొచ్చింది. మార్చి 8న మాస్కో విమానం. 6వ తేదీ సాయంత్రం రష్యా ఎంబసీ గెస్ట్‌హౌస్‌లోంచి చిన్న సూట్‌కేసుతో బయటికొచ్చి, ట్యాక్సీ ఎక్కి, అదే చాణక్యపురిలో ఉన్న అమెరికా ఎంబసీ మెట్లెక్కింది. నేను స్టాలిన్ కూతుర్ని అంటే ఎవరు నమ్ముతారు? స్టాలిన్‌కి కూతురుందన్న సంగతే అక్కడ ఉన్న చాలామందికి తెలీదు.

బౌల్స్ ఆ సాయంత్రం ఒంట్లో బాగాలేక ఇంట్లో మంచం మీద ఉన్నాడు. మనుషులు ఇంటికీ ఎంబసీకీ మధ్య తిరిగారు. ఆయన ముందు మూడు దారులున్నాయి. బయటికి పంపేయడం, అది ఆయన చేయలేడు. ఎంబసీలోనే ఉంచుకుని తెల్లారాక భారత ప్రభుత్వాన్ని అడగడం, అలా చేస్తే ఇందిరాగాంధీ ప్రభుత్వం మాస్కోకీ వాషింగ్టన్‌కీ మధ్య నలిగిపోతుంది. మూడోది, ఆమె చేతిలో చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉంది, ఆ రోజే వాళ్ల ఎంబసీ తిరిగిచ్చింది, ఆమె తన ఇష్టంతో మామూలు ప్రయాణికురాలిలా పాలం విమానాశ్రయం నుంచి వెళ్లిపోవచ్చు. రాత్రి 1:15కి రోమ్ వెళ్లే క్వాంటాస్ విమానం ఉంది. బౌల్స్ వాషింగ్టన్‌కి కేబుల్ పంపాడు, మీరు వద్దని చెబితే తప్ప ఈ విమానం ఎక్కిస్తాను అని. చేయమంటారా అని అడగలేదు చూడండి. సందర్శకుల వీసా కొట్టించి, వెంట ఒక మనిషినిచ్చి పంపేశాడు. రష్యా వాళ్లు వెతకడం మొదలుపెట్టేసరికి ఆమె దేశం దాటేసింది. స్విట్జర్లాండ్‌లో కొన్ని వారాలుండి ఏప్రిల్ 21న న్యూయార్క్ చేరింది.

ఆరేడు గంటల్లో, మంచం మీద నుంచి, మన దేశానికి మరీ పెద్ద చిక్కు రాకుండా తేల్చేశాడు. మాస్కో మన మీద మండిపడింది, అది వేరే. కానీ తెల్లారేదాకా ఆగి ఉంటే జరిగే రభస దీనికి పదింతలు ఉండేది.

అమెరికాలో_శారద:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నాది చిన్న విషయమే. పి.ఎల్. 480 గోధుమలకి మనం డాలర్లు కట్టలేదు, రూపాయల్లో కట్టాం. ఆ రూపాయలు మన బ్యాంకుల్లోనే అమెరికా ఖాతాలో పేరుకుపోయాయి, ఎంత పేరుకుపోయాయంటే 1974లో మొయినిహన్ రాయబారిగా ఉన్నప్పుడు 1,664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వానికి తిరిగి రాసిచ్చాడు. ఆ ఖాతాలో కొంత డబ్బుతో 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాళ్లు ఢిల్లీలో ఆఫీసు పెట్టి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడ అమెరికాలోని యూనివర్సిటీలకి పంపేవారు, తెలుగువి కూడా. బౌల్స్ ఉన్న ఆరేళ్లూ ఆ పని జోరుగా సాగింది.

నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం, యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో తెలుగు పుస్తకాల అరలు చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. బెజవాడలో అచ్చయిన, మన ఊళ్లలో ఎక్కడా దొరకని పుస్తకాలు అట్ట చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొన్నింటి లోపల పి.ఎల్. 480 అని ముద్ర ఉంది. బీహారు ఆకలికీ నా చేతిలో పుస్తకానికీ లింకు ఉందని ఆ రోజు తెలీదు, తెలిశాక ఆ ముద్ర చూసినప్పుడల్లా మనసు ఎలాగో అయిపోతుంది. నల్లమల_దారి గారు చెప్పిన అవమానమూ, పాత_కాగితం గారు చెప్పిన మేలూ రెండూ అదే ముద్రలో ఉన్నాయి.

ఇంకొకటి, ఢిల్లీలో రాయబారి కోసం రూజ్‌వెల్ట్ హౌస్ అని పెద్ద భవనం కొత్తగా కట్టారు కదా, రెండోసారి వచ్చినప్పుడు బౌల్స్ దంపతులు అందులో కాపురం పెట్టలేదు. పాత రాటెన్‌డన్ రోడ్డు బంగళాలోనే ఉన్నారు, కొత్త భవనాన్ని సభలకీ కచేరీలకీ వాడారు. 1969లో వెళ్లిపోయాక కనెక్టికట్‌లోని ఎసెక్స్‌లో ఉండేవారు, 1986 మేలో పోయారు.

నల్లమల_దారి:

శారద గారూ, ఆ ముద్ర మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. స్వెత్లానా రాత్రి సంగతి కూడా నేను మర్చిపోయాను, అది ఒప్పుకోవాలి. ఓడల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. అయితే ఆ తప్పు బౌల్స్‌ది కాదు, ఆయన మాట విననివాళ్లది. పైన తేడా లేకుండా రాసేశాను.

గోదారి_గట్టు:

అందరికీ చాలా చాలా థ్యాంక్సండి. రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. గ్రామసేవకుల ముక్క రెండుసార్లు చదివించుకుంది. పెన్సిల్ టిక్కు గురించి అడిగితే, మీ తాతయ్య ఏ కాగితమైనా పూర్తిగా చదివాకే టిక్కు పెట్టేవాడు, మర్నాడు సైకిల్ మీద ఊళ్లోకెళ్లి దాన్ని రైతులకి చదివి వినిపించేవాడు, చదవనిదానికి పెట్టేవాడు కాదు అంది. తీసి చూస్తే నిజమే, కరపత్రాలన్నిటికీ ఉన్నాయి టిక్కులు. ఆదివారం ఫొటోతో పాటు వరి చార్టులు కూడా స్కాన్ చేసి ఇక్కడ పెడతాను, ఊరి పేరు ఎవరైనా పోల్చుకుంటారేమో చూడండి. వెనకాల గోపురం సగం కనిపిస్తోంది.